2023 రెజ్లింగ్ రివైండ్: గచ్చిబౌలికి సీనా వచ్చిన ఏడాది.. బెస్ట్ ఏది? వరస్ట్ ఏది?

జాన్ సీనా 2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో చివరి మ్యాచ్ ఆడేశాడు. ఇక రింగులోకి దిగడు. అంటే ఇండియాలో సీనా ఆడిన మ్యాచ్ లెక్క ఒక్కదగ్గరే ఆగిపోయింది. ఆ ఒక్కటీ ముంబైలో కాదు, ఢిల్లీలో కాదు.. మన గచ్చిబౌలిలో జరిగింది. 2023 సెప్టెంబర్ 8, శుక్రవారం, జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో.

ఆ రోజు గురించి ఫ్యాన్స్ ఇప్పటికీ మాట్లాడుకుంటారు. కానీ 13 రోజుల తర్వాత ఏం జరిగిందో చాలామందికి గుర్తులేదు. అదే స్టేడియంలో ఆడిన షాంకీని డబ్ల్యూడబ్ల్యూఈ తీసేసింది. ఇంకో ఏడు నెలలు తిరిగేసరికి ఆ షోలో ఉన్న జిందర్ మహల్, వీర్, సాంగా కూడా ఔట్.

2023ని చాలామంది రెజ్లింగ్‌కి గోల్డెన్ ఇయర్ అంటారు. నిజమే. స్టేడియాలు నిండాయి, కథలు పేలాయి, కంపెనీ విలువ వేల కోట్లకు చేరింది. అయితే అదే ఏడాదిలో మరిచిపోవాలనిపించే సంగతులూ ఉన్నాయి. ఏవి బెస్ట్, ఏవి వరస్ట్, అందులో హైదరాబాద్ వాటా ఎంత.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక క్లారిటీ: అంతా ఫేక్ అయితే బెస్ట్, వరస్ట్ ఏంటి?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో ఉంటుంది. పిల్లాడు టీవీలో రెజ్లింగ్ పెట్టగానే పక్కనుంచి నాన్నో, బాబాయో "అదంతా ఉత్తుత్తి కొట్లాటరా" అనేస్తారు. వాళ్లు చెప్పేది సగం కరెక్ట్. ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి అనేది ముందే రాసి ఉంటుంది. హీరో ఎవరు, విలన్ ఎవరు, ఎవరు ఎప్పుడు వెన్నుపోటు పొడవాలి.. ఇవన్నీ రైటర్లు డిసైడ్ చేస్తారు.

మిగతా సగం మాత్రం నిజం. పది అడుగుల ఎత్తు నుంచి పడితే పడేది నిజమైన ఒళ్లే. మోకాలు చిరిగితే సర్జరీ నిజమే. సినిమాలో అయితే రెండో టేక్ ఉంటుంది, డూప్ ఉంటాడు. ఇక్కడ జనం ముందు లైవ్‌లో ఒక్కటే టేక్.

కాబట్టి రెజ్లింగ్‌లో బెస్ట్ అంటే ఎక్కువసార్లు గెలిచినవాడు కాదు. మూడు విషయాలు చూడాలి. ఒకటి, కథ జనాన్ని పట్టుకుందా? రెండు, రింగులో పని ఎలా ఉంది? మూడు, ఆ పని చేసిన మనుషుల్ని కంపెనీ ఎలా చూసుకుంది? మూడోది చాలా ర్యాంకింగ్ లిస్టుల్లో కనిపించదు. 2023కి మాత్రం అదే అసలు పాయింట్.

బెస్ట్ నంబర్ 1: ఒక కుర్చీ దెబ్బ.. మూడు నెలల కథ

2023లో అందరూ ఒప్పుకునే బెస్ట్ 'బ్లడ్‌లైన్' కథ. రోమన్ రెయిన్స్ కుటుంబ పెద్ద. తమ్ముళ్ల వరసైన ఉసో కవలలు జే, జిమ్మీ అతను చెప్పినట్టు నడుచుకోవాలి. ఆ ఇంట్లోకి బయటివాడైన సామీ జేన్ వచ్చి చేరాడు. నవ్వించాడు, నమ్మకం సంపాదించాడు.

జనవరి 28న శాన్ ఆంటోనియోలో రాయల్ రంబుల్. షో చివర్లో రెయిన్స్ కుర్చీ ఇచ్చి, సామీ పాత స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌ని కొట్టమన్నాడు. సామీ ఆ కుర్చీతో రెయిన్స్‌నే కొట్టాడు. స్టేడియం ఒక్కసారిగా పేలిపోయింది.

ఫిబ్రవరి 18న సామీ సొంతూరు మాంట్రియల్‌లో రెయిన్స్‌తో మ్యాచ్. ఊరంతా అతని వైపే. అయినా ఓడిపోయాడు. ఏప్రిల్ 1న లాస్ ఏంజెలిస్ దగ్గరున్న సోఫై స్టేడియంలో రెజిల్‌మేనియా 39 మొదటి రాత్రి, సామీ-ఓవెన్స్ జోడీ ఉసో బ్రదర్స్‌ని ఓడించి ట్యాగ్ టైటిల్స్ గెలిచింది. ఒక ట్యాగ్ టైటిల్ మ్యాచ్ రెజిల్‌మేనియాకి మెయిన్ ఈవెంట్ కావడం అదే మొదటిసారి.

కథ అక్కడితో ఆగలేదు. జులై 1న లండన్‌లో జే ఉసో ఏకంగా రెయిన్స్‌నే పిన్ చేశాడు. 2019 డిసెంబర్ తర్వాత రెయిన్స్ భుజాలు మ్యాట్‌కి ఆని మూడు లెక్కించడం అదే ఫస్ట్. మన సీరియళ్లలో ఉమ్మడి కుటుంబం గొడవ ఎలా సాగుతుందో అచ్చం అలాగే. తేడా ఏంటంటే ఇక్కడ ప్రతి ఎపిసోడ్‌కీ ఒక కారణం ఉంది. ఎవరు ఎందుకు కోపంగా ఉన్నారో చూసేవాడికి తెలుసు. ఇంగ్లిష్ కామెంటరీ సగం అర్థం కాకపోయినా మొహాలు చూస్తే చాలు, కథ అర్థమయ్యేది.

బెస్ట్ నంబర్ 2: రింగు పని అంటే గుంథర్, రియా

మాటలు పక్కనపెట్టి పని మాత్రమే చూస్తే 2023లో రెండు పేర్లు చెప్పాలి.

ఆస్ట్రియాకి చెందిన గుంథర్ రాయల్ రంబుల్‌లో గంటా పదకొండు నిమిషాలకు పైగా నిలబడ్డాడు. రెజిల్‌మేనియాలో షేమస్, డ్రూ మెకింటైర్‌లతో ఆడిన ట్రిపుల్ థ్రెట్ మ్యాచ్ చూస్తే ఛాతీ మీద పడ్డ ఒక్కో దెబ్బ మచ్చ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. హైదరాబాద్ షో జరిగిన వారంలోనే హాంకీ టాంక్ మ్యాన్ పేరు మీదున్న 454 రోజుల ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ రికార్డును దాటేశాడు. 1988 నుంచి ఎవరూ కొట్టలేని రికార్డు అది.

ఆస్ట్రేలియా అమ్మాయి రియా రిప్లీ రాయల్ రంబుల్‌లో మొదటి నంబర్‌గా వచ్చి చివరి వరకు ఉండి గెలిచింది. రెజిల్‌మేనియాలో షార్లెట్ ఫ్లెయిర్‌ని ఓడించి టైటిల్ కొట్టింది.

వీళ్లిద్దరూ సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో ఆడారు. అంటే ఆ ఏడాది ప్రపంచంలోనే టాప్ ఫామ్‌లో ఉన్నవాళ్లని హైదరాబాద్ జనం కళ్లారా చూశారు. అంతేకాదు, సీనా చివరి మ్యాచ్‌లో సీనాని ఓడించిందీ ఈ గుంథరే.

బెస్ట్ నంబర్ 3: వెంబ్లీ నిండింది

డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూ. 2019లో మొదలైంది. ఆగస్టు 27న లండన్ వెంబ్లీ స్టేడియంలో 'ఆల్ ఇన్' షో పెట్టింది. 81,035 టికెట్లు అమ్ముడయ్యాయని ప్రకటించింది. నాలుగేళ్ల కంపెనీకి ఇది చిన్న విషయం కాదు. పోటీ ఉంటే రెజ్లర్‌కి బేరం ఆడే బలం వస్తుంది. ఒక చోట తీసేస్తే ఇంకో తలుపు ఉంటుంది. చూసేవాళ్లకీ చాయిస్ ఉంటుంది.

వరస్ట్ నంబర్ 1: కూల్‌డ్రింక్ కోసం ఒక మ్యాచ్

ఇప్పుడు రెండో వైపుకి వద్దాం. సామీ కుర్చీ ఎత్తిన అదే రాయల్ రంబుల్ షోలో 'పిచ్ బ్లాక్' అని ఒక మ్యాచ్ జరిగింది. ఒక కూల్‌డ్రింక్ బ్రాండ్ ఫ్లేవర్ పేరు అది. లైట్లు తీసేసి, చీకట్లో మెరిసే రంగులు పూసి బ్రే వయాట్, ఎల్ఏ నైట్‌లతో ఆడించారు. ఆ ఏడాది వరస్ట్ మ్యాచ్ ఏదంటే చాలామంది ఫ్యాన్స్ దీని పేరే చెప్తారు.

అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఆగస్టు 24 తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ఆ రోజు బ్రే వయాట్ చనిపోయాడు. వయసు 36. అంతకుముందు రోజే, ఆగస్టు 23న లెజెండ్ టెర్రీ ఫంక్ 79 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. రెండు రోజుల్లో రెండు చావులు. టీవీలో బ్రే ఆడిన చివరి మ్యాచ్ ఆ పిచ్ బ్లాకే. చీకట్లో లాంతరు పట్టుకుని నడిచొస్తే వేల ఫోన్ లైట్లు వెలిగేవి.. అలాంటి ఆర్టిస్ట్ చివరి టీవీ మ్యాచ్ ఒక యాడ్ అయిపోయింది. స్పాన్సర్ డబ్బు తీసుకోవడం తప్పు కాదు. కథని దాని కింద పెట్టేయడమే సమస్య.

వరస్ట్ నంబర్ 2: కోడీ ఓటమి.. 24 గంటల్లో డీల్

ఏప్రిల్ 2, రెజిల్‌మేనియా రెండో రాత్రి. కోడీ రోడ్స్ గెలుస్తాడని దాదాపు అందరూ ఫిక్సయ్యారు. సోలో సికోవా అడ్డొచ్చాడు, రెయిన్స్ గెలిచాడు. స్టేడియం సైలెంట్.

మరుసటి రోజే, ఏప్రిల్ 3న ఎండీవర్ కంపెనీ అసలు ప్రకటన చేసింది. డబ్ల్యూడబ్ల్యూఈని, తన చేతిలోని యూఎఫ్‌సీని కలిపి ఒకే కంపెనీ చేస్తామని చెప్పింది. డబ్ల్యూడబ్ల్యూఈ విలువ 930 కోట్ల డాలర్లు, యూఎఫ్‌సీ విలువ 1,210 కోట్ల డాలర్లుగా లెక్క కట్టారు. 2022లో డబ్బు చెల్లింపుల మీద కంపెనీ బోర్డు విచారణ నడుస్తుండగా తప్పుకున్న విన్స్ మెక్‌మహన్, 2023 జనవరిలో తిరిగి బోర్డులోకి వచ్చాడు. రెండు రోజులు తిరగ్గానే కాదు కానీ, అదే నెలలో కూతురు స్టెఫనీ కో సీఈఓ పదవికి రాజీనామా చేసింది. విన్స్ వచ్చిన మూడు నెలలకు ఈ డీల్ కుదిరింది.

కోడీ ఓటమి విషయంలో మాత్రం ఇప్పుడు వెనక్కి చూస్తే అభిప్రాయం కాస్త మారుతుంది. 2024 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో రెయిన్స్‌ని ఓడించి కోడీ టైటిల్ గెలిచాడు. 1,316 రోజుల రెయిన్స్ పాలన అక్కడ ముగిసింది. ఏడాది ఆలస్యం ఆ గెలుపుని ఇంకా పెద్దది చేసింది. అంటే 2023లో వరస్ట్ అనుకున్నది 2024 బెస్ట్‌కి పునాది అయింది. కథలో తప్పుని కథతో సరిదిద్దొచ్చు. మనుషుల విషయంలో ఆ చాన్స్ ఉండదు.

వరస్ట్ నంబర్ 3: వెంబ్లీ వెనకాల గొడవ

ఏఈడబ్ల్యూ చరిత్రలో అతి పెద్ద రోజునే తెర వెనుక సీఎం పంక్, జాక్ పెర్రీ గొడవపడ్డారు. ఇది స్క్రిప్ట్ కాదు. సెప్టెంబర్ 2న పంక్‌ని కంపెనీ తీసేసింది. 80 వేల మంది షో గురించి మాట్లాడాల్సిన వారం మొత్తం ఈ గొడవ గురించే నడిచింది. ట్విస్ట్ ఏంటంటే నవంబర్ 25న షికాగో దగ్గర జరిగిన సర్వైవర్ సిరీస్ చివర్లో పంక్ పాట మోగింది. దాదాపు పదేళ్ల తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈలోకి రీఎంట్రీ. ఒక కంపెనీ వరస్ట్, ఇంకో కంపెనీ బెస్ట్ అయింది.

హైదరాబాద్ రాత్రి: అసలు ఏం జరిగింది?

షో పేరు 'సూపర్‌స్టార్ స్పెక్టాకిల్'. 2017 డిసెంబర్ ఢిల్లీ షో తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ ఇండియాకి రావడం ఇదే. 2021 జనవరి 26న ఇదే పేరుతో ఒక షో వచ్చింది కానీ, కరోనా టైం కాబట్టి అది అమెరికాలోని ఫ్లోరిడాలో తీసిన షో. ఈసారి నిజంగానే మన ఊరు వచ్చింది.

లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జీఎంసీ బాలయోగి పేరు పెట్టిన స్టేడియం ఇది. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. సోఫై, వెంబ్లీలతో పోలిస్తే చాలా చిన్నది. అదే దీని ప్లస్ కూడా. చివరి వరసలో కూర్చున్నా రింగు దగ్గరగానే కనిపిస్తుంది. మూసాపేటలో ఉండేవాడికి కైత్లాపూర్ బ్రిడ్జి దాటి, మాదాపూర్ మీదుగా బండి మీద వెళ్లిపోయే దూరం. చిన్నప్పటి నుంచి టీవీలో చూసిన మనిషి ఆఫీసుకెళ్లే రూట్‌లోకి వచ్చాడన్నమాట!

సీనా అప్పుడు రావడానికి ఒక కారణం ఉంది. హాలీవుడ్‌లో జులై 14 నుంచి నటుల సమ్మె నడుస్తోంది. షూటింగులు ఆగిపోయాయి. దాంతో సెప్టెంబర్ 1 నుంచి మళ్లీ రింగు వైపు వచ్చాడు. హైదరాబాద్‌లో హీరో కార్తి అతన్ని కలిసిన ఫొటో కూడా అప్పట్లో బాగా వైరల్ అయింది.

మెయిన్ మ్యాచ్‌లో సీనా, సేథ్ రాలిన్స్ జోడీ కట్టి ఇంపీరియం టీమ్ లుడ్విగ్ కైజర్, జియోవాని విన్సీలను ఓడించింది. ఆ ఏడాది రెజిల్‌మేనియాలో ఆస్టిన్ థియరీ చేతిలో, నవంబర్‌లో రియాద్‌లో సోలో సికోవా చేతిలో ఓడిపోయిన సీనా.. మన దగ్గర మాత్రం గెలిచాడు. రియా రిప్లీ నటాల్యాని ఓడించింది. జనం ఫుల్ ఖుష్.

మరి మన ఇండియన్ రెజ్లర్లు? ఏడడుగుల షాంకీ గుంథర్ చేతిలో ఓడాడు. 'ఇండస్ షేర్' టీమ్ వీర్, సాంగా.. సామీ, ఓవెన్స్ చేతిలో ఓడిపోయారు. ఈ షోలో ఏ టైటిలూ చేతులు మారలేదు. ఇలాంటి టూర్ షోలలో టీవీ కథ సాధారణంగా కదలదు. జనాన్ని సంతోషపెట్టి పంపడమే పని. అందులో తప్పేం లేదు.

మెర్జర్ అయింది.. లిస్ట్ వచ్చింది

ఇక్కడి నుంచి డేట్లు వరసగా చూడండి. ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లకి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

సెప్టెంబర్ 8: హైదరాబాద్ షో.
సెప్టెంబర్ 12: డబ్ల్యూడబ్ల్యూఈ, యూఎఫ్‌సీ విలీనం పూర్తి. టీకేఓ పేరుతో కొత్త కంపెనీ మొదలు.
సెప్టెంబర్ 15: ఆఫీసు సిబ్బందిలో కోతలు.
సెప్టెంబర్ 21: రెజ్లర్ల వంతు. డాల్ఫ్ జిగ్లర్, ముస్తఫా అలీ, షెల్టన్ బెంజమిన్ లాంటి పెద్ద పేర్లతో పాటు షాంకీ కూడా ఔట్.

ఇందులో ఇంకో విషయం ఉంది. డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్లు కంపెనీ ఉద్యోగులు కారు. రూల్ ప్రకారం ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు. యూనియన్ లేదు. కంపెనీ ఎప్పుడైనా కాంట్రాక్ట్ ఆపేయొచ్చు. మెయిన్ రోస్టర్‌లో ఉన్నవాళ్లకి సాధారణంగా 90 రోజుల షరతు ఉంటుంది. ఆ మూడు నెలలు డబ్బు వస్తుంది కానీ, పోటీ కంపెనీలో ఆడకూడదు. మనకి నోటీస్ పీరియడ్ తెలుసు కదా, దానికి దూరపు చుట్టం అనుకోండి.

షాంకీ పంజాబ్‌లో గ్రేట్ ఖలీ పెట్టిన అకాడమీలో నేర్చుకుని అమెరికా వెళ్లినవాడు. ఇండియా షో పోస్టర్‌కి పనికొచ్చాడు. ఇండియా షో అయిపోయాక లిస్టులోకి ఎక్కాడు. షో కోసమే ఉంచారని కంపెనీ ఎక్కడా చెప్పలేదు, చెప్పదు కూడా. కానీ 13 రోజుల గ్యాప్ చూస్తే ఫ్యాన్స్‌కి ఆ డౌట్ రావడం సహజం.

మిగతా ముగ్గురి సంగతి

వీర్ అసలు పేరు రింకూ సింగ్. ఉత్తరప్రదేశ్ పల్లెటూరి కుర్రాడు. 2008లో ఒక టీవీ పోటీలో బంతి వేగంగా విసిరి గెలిచి, అమెరికా బేస్‌బాల్ టీమ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో కాంట్రాక్ట్ కొట్టాడు. అతని కథతో డిస్నీ 2014లో 'మిలియన్ డాలర్ ఆర్మ్' సినిమా తీసింది.

సాంగా అసలు పేరు సౌరవ్ గుర్జర్. 2013లో వచ్చిన స్టార్ ప్లస్ మహాభారతంలో భీముడు ఇతనే. 2022లో తెలుగులోనూ విడుదలైన బ్రహ్మాస్త్రలో విలన్ గ్యాంగ్‌లో కనిపించిన భారీ మనిషీ ఇతనే.

జిందర్ మహల్ కెనడాలో పుట్టిన పంజాబీ. ఇండియా మార్కెట్ మీద డబ్ల్యూడబ్ల్యూఈ గట్టిగా దృష్టి పెట్టిన 2017లో మే 21న ఛాంపియన్ అయ్యాడు. డిసెంబర్‌లో ఢిల్లీ షో వచ్చేసరికి టైటిల్ లేదు. ఢిల్లీలో ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడాడు కూడా. 2024 జనవరి 1న రా షోలో ది రాక్‌కి ఎదురు నిలబడ్డాడు. జనవరి 15న సేథ్ రాలిన్స్‌తో వరల్డ్ టైటిల్ మ్యాచ్ ఆడి ఓడాడు. ఏప్రిల్ 19న జిందర్, వీర్, సాంగా ముగ్గుర్నీ ఒకే రోజు తీసేశారు.

ఇన్ని కథలున్న మనుషుల్లో ఒక్కరికైనా బ్లడ్‌లైన్‌లో సామీకి ఇచ్చినంత టైం ఇచ్చారా? భీముడి వేషం వేసినవాడు, సినిమాగా తీసేంత జీవితం ఉన్నవాడు రింగులో పక్కపక్కనే నిలబడితే, వాళ్లని ఎక్కువగా కోపంగా అరిచే విలన్లుగానే చూపించారు. సామీ కూడా మొదట్లో జోకర్ వేషమే. కథ ఇచ్చారు కాబట్టి రెజిల్‌మేనియా మెయిన్ ఈవెంట్ దాకా వెళ్లాడు.

ఫైనల్‌గా.. ఏది బెస్ట్, ఏది వరస్ట్?

బెస్ట్ బ్లడ్‌లైన్. ఇందులో పెద్దగా వాదన లేదు. వరస్ట్ అంటే మ్యాచ్ పేరు చెప్పడం కన్నా సెప్టెంబర్ 21 లిస్ట్ అనడమే కరెక్ట్. వేల కోట్ల విలువ కట్టిన విలీనం పూర్తయిన పది రోజుల్లోపే, ఆ విలువ తెచ్చిన మనుషుల్ని లెక్కల్లోంచి కొట్టేయడం 2023 మీద పడిన మచ్చ.

హైదరాబాద్ షో ఈ రెండింటి మధ్య ఉంది. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లకి అది జీవితాంతం చెప్పుకునే జ్ఞాపకం. దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయితే ఆ రోజు మనకి దొరికింది ప్రేక్షకుడి స్థానం మాత్రమే. కథలో స్థానం కాదు.

2025 ఏప్రిల్ 1 నుంచి ఇండియాలో డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది. ఇప్పుడు రిమోట్ కోసం ఇంట్లో గొడవ లేదు, ఫోన్‌లోనే చూసేయొచ్చు. మన వ్యూస్ వాళ్లకి కావాలి. మరి ఆ వ్యూస్ ఇచ్చే దేశం నుంచి వచ్చిన రెజ్లర్‌ని పోస్టర్ మీదకి మాత్రమే కాకుండా కథలోకి కూడా తీసుకుంటారా? డబ్ల్యూడబ్ల్యూఈ మళ్లీ ఇండియాకి వచ్చినప్పుడు టికెట్ రేటు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.